ట్రేడ్ టెస్టులో గ్రీక్ చికెన్ రైస్ అడిగితే

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి గల్ఫ్‌కు కిచెన్ పనికి పోయేవాళ్లు చాలామంది బిర్యానీ బాగా చేస్తామనే ధైర్యంతో పోతారు. అక్కడి హోటల్ చెఫ్‌కు మీ బిర్యానీతో పని లేదు. ఉద్యోగం ఇచ్చేముందు వండించి చూసే ట్రేడ్ టెస్టులో, చెప్పిన రెసిపీని చెప్పినట్టు చేస్తారా లేదా, అదే చూస్తాడు. పోయేముందు ఇంట్లో గ్రీక్ చికెన్ రైస్ ఒక్కటి చేయి తిరిగేదాకా చేయండి.

నలుగురికి కిలో లెగ్ పీసులు, స్కిన్‌తోనే కొట్టించండి. రెండు నిమ్మకాయల రసం, ఆరు ఎల్లిగడ్డ రెబ్బలు, రెండు టీస్పూన్ల ఒరిగానో, ఉప్పు, మిరియాల పొడి, నాలుగు చెంచాల ఆలివ్ నూనె పట్టించి గంట ఫ్రిజ్‌లో పెట్టండి. రాత్రంతా ఉంచితే నిమ్మ పులుపుకు పైమాంసం పిండిలా అవుతుంది. పిజ్జాతో వచ్చే ఒరిగానో ప్యాకెట్లు వాడొద్దు, చాలావాటిలో ఉప్పు, కారం కలిపి ఉంటాయి.

ముక్కలు రెండువైపులా ఎర్రగా వేగాక తీసి పక్కన పెట్టండి. అదే నూనెలో ఉల్లిగడ్డ, ఇరవై నిమిషాలు నానిన రెండు కప్పుల బాస్మతి వేసి తిప్పి, మూడు కప్పుల వేడి స్టాక్ పోయండి. పైన చికెన్ పేర్చి, మూత పెట్టి, సిమ్‌లో ఇరవై నిమిషాలు. దింపి పది నిమిషాలు కదిలించకండి.

మనోళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే: చప్పగా ఉందని గరం మసాలా, పసుపు వేస్తారు. టెస్టు అక్కడితో అయిపోయినట్టే. రెండోది, మిగిలిన మారినేషన్ అన్నంలో పోస్తారు. చికెన్ ఎలాగూ నీళ్లు వదులుతుంది, అదీ తోడైతే అన్నం ముద్ద. ఆ మారినేషన్‌ను పారేయండి.

శుభ్రత దగ్గర తప్పు జరిగితే ఉద్యోగానికే ఎసరు. చికెన్ లోపల 75 డిగ్రీలు రావాలి. థర్మామీటరును ఎముకకు తగలకుండా గుచ్చి చూడండి. పెరుగు, కీరాతో చేసే జాజికి చట్నీకి వేరే బోర్డు, వేరే కత్తి. వండిన అన్నం రెండు గంటలకు మించి బయట ఉండొద్దు. అందులో పెరిగే బాసిల్లస్ సీరియస్ బ్యాక్టీరియా వదిలిన విషం మళ్లీ వేడిచేసినా పోదు.

ఇక ఏజెంటు సంగతి. లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడండి. సర్వీస్ ఛార్జీ పరిమితి 30,000 రూపాయలు, ఆపైన జీఎస్టీ. రసీదు లేకుండా రూపాయి ఇవ్వొద్దు. నోటితో కుక్ అని చెప్పి కాగితంలో క్లీనర్ అని రాసే ఏజెంట్లున్నారు. కాంట్రాక్టులో పోస్టు పేరు, జీతం చదివించుకున్నాకే సంతకం పెట్టండి.