చెక్క పడవని ఎండకి వదలకు

మండపేట

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

తాళ్ళరేవులో పాత తెరచాప నావ కొన్నావని అక్క ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. 1839 తుపాను దెబ్బ తీయకముందు ఆ పక్కనే ఉన్న కోరంగి ఓడలు కట్టడానికీ మరమ్మతులకీ పేరుపడ్డ రేవు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా కాలువల్లో ధాన్యం రవాణా పడవల మీదే సాగేది. కోరంగి పనితనం గల నావ నీ చేతికొచ్చింది, జాగ్రత్తగా చూసుకో.

వేసవిలో కాలువలు కట్టేసినప్పుడే మరమ్మతు మొదలుపెట్టు. పడవని ఒడ్డుకి లాగి కొబ్బరిచెట్ల నీడన పెట్టు. ఎండలో వదిలావో, పలకలు కుంచించుకుపోయి అతుకులు నోళ్ళు తెరుస్తాయి. అది చూసి కంగారుపడి దూది దట్టించేస్తే, నీళ్ళలోకి దిగాక చెక్క ఉబ్బి మేకుల్నే పైకి తోసేస్తుంది. అందుకే పలకల మీద తడి గోనెసంచులు కప్పి ఉంచు.

తర్వాత చాకు మొనతో ప్రతి పలకా పొడిచి చూడు. గట్టి చెక్క మొనని ఆపుతుంది, కుళ్ళింది మెత్తగా లోపలికి దిగనిస్తుంది. మేకు చుట్టూ నల్లగా ఉంటే లోపల ఇనుము తుప్పుపట్టిందన్నమాట. కుళ్ళిన చోట పైన రంగు పూసి మరిపించకు. ఆ ముక్క తీయించి మంచి టేకు వేయించు. అతుకులో పాత దూది పూర్తిగా గీకేశాకే కొత్తది ఉలితో, కొయ్య సుత్తితో మెల్లగా కూరు.

పడవని కుళ్ళబెట్టడంలో ఉప్పునీటి కంటే వాననీరే ముందుంటుంది. అడుగున నిలిచిన నీళ్ళు ఏ రోజువి ఆ రోజు తోడెయ్యి. పైన టార్పాలిన్ కప్పినా గాలి ఆడేలా రెండు కొసలూ తెరిచి ఉంచు. ఉప్పుటేరులో మాత్రం చెక్క తొలిచే పురుగు పొంచి ఉంటుంది కాబట్టి, అక్కడ నెలల తరబడి కట్టేసి ఉంచకు.

తెరచాప తడిగా మడవకు, బూజు పడుతుంది. అంచు తాడు దగ్గర కుట్టు ఊడితే ఆ సాయంత్రమే కుట్టు, గాలికి చిరుగు అక్కడే మొదలవుతుంది.

నీళ్ళలో దింపిన మొదటి రోజే చెమ్మ కనిపించిందని బెంగపడకు. చెక్క ఉబ్బేదాకా కట్టేసి ఉంచు, అప్పటికీ కారితే వడ్రంగిని పిలు. ఆయన పని చేస్తున్నంతసేపూ పక్కనే నిలబడి సాయం పట్టు. వచ్చే ఏడు ఆ పని నువ్వే చెయ్యాలి.

ఇట్లు
మీ మావయ్య