పోడు, పట్టా, పులి: అటవీ హక్కులపై తరచూ అడిగే ప్రశ్నలు

అడవంతా సర్కారుదే కదా, మాకు హక్కెక్కడిది?

2006లో పార్లమెంటు చేసిన అటవీ హక్కుల చట్టం అసలు పేరులోనే ‘గుర్తింపు’ అన్న మాట ఉంది. బ్రిటిష్ కాలంలోనూ, స్వాతంత్ర్యం వచ్చాకా హద్దురాళ్లు పాతి అడవుల్ని రిజర్వు చేసినప్పుడు, లోపల ఉన్న గూడేల హక్కులు సరిగా రాసుకోలేదు. అది చారిత్రక అన్యాయమని చట్టం పీఠికే ఒప్పుకుంది. కాబట్టి సభ పెట్టి, దండలు వేసి పంచే పట్టా ఎవరి దయా కాదు. ముందునుంచీ ఉన్న హక్కుకు ఇప్పుడు పడిన ముద్ర.

ఎవరికి, ఎంత?

2005 డిసెంబరు 13 నాటికి మీ సాగులో ఉన్నంత. గరిష్ఠంగా 4 హెక్టార్లు, పదెకరాలకు కాస్త తక్కువ. రెండెకరాలే దున్నుతుంటే రెండెకరాలే వస్తుంది. ఆదివాసులకు తరాల లెక్క లేదు. మిగతావాళ్లు మాత్రం ఆ తేదీకి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అడవిలో ఉండి అడవి మీదే బతికినట్టు చూపాలి. ఆ తేదీ తర్వాత కొట్టిన పోడు ఈ చట్టం కిందికి రాదు, ఎన్నికల ముందు ఎవరేం చెప్పినా.

తాతల నాటి నుంచి దున్నుతున్నాం, ఒక్క కాగితమూ లేదు. ఎలా?

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. ఆగాల్సిన పని లేదు. దరఖాస్తు పెట్టేది రేంజి ఆఫీసులో కాదు, గ్రామసభలో. గ్రామసభ 10 నుంచి 15 మందితో అటవీ హక్కుల కమిటీని ఎన్నుకుంటుంది. అందులో మూడోవంతు ఆడవాళ్లుండాలి. దరఖాస్తు తీసుకుని, అందినట్టు రాసిచ్చేది ఆ కమిటీయే. రసీదు లేకుండా ఇంటికి రావద్దు.

సాక్ష్యాలు కనీసం రెండు కావాలి. ఊరి పెద్దలు చెప్పింది రాయిస్తే అదొకటి. పాత బావి, ఇంటి పునాది, మీవాళ్లను పూడ్చిన చోటు కూడా పనికొస్తాయి. ఓటరు కార్డు, రేషన్ కార్డు సరే. అడవి నరికాడని మీ నాన్న మీద ఎప్పుడో కేసు పెట్టి ఉంటే ఆ కోర్టు కాగితం పారేయకండి. ఆ ఏడు ఆయన అక్కడే ఉన్నాడనడానికి సర్కారే ఇచ్చిన రుజువది. ‘శాటిలైట్ ఫోటోలో సాగు కనబడలేదు’ అన్న ఒక్క మాటతో దరఖాస్తు పక్కన పడేస్తుంటారు. ఆ ఫోటో మిగతా సాక్ష్యాలకు తోడు మాత్రమే, వాటికి బదులు కాదని 2012లో సవరించిన నిబంధనలు చెబుతున్నాయి.

మాది తిరస్కరించారట. కాగితం మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

‘అట’ చెల్లదు. కారణాలు రాసి, మీ చేతికి అందించాలి. ఆపైన 60 రోజుల్లో సబ్ డివిజన్ స్థాయి కమిటీకి, అక్కడా కాదంటే జిల్లా కమిటీకి వెళ్లొచ్చు. పరిశీలన ముగిసేదాకా మిమ్మల్ని ఖాళీ చేయించకూడదని చట్టంలోనే ఉంది. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, దరఖాస్తులు తిరస్కరణకు గురైనవాళ్లను అడవి నుంచి పంపేయమన్నది నిజమే. తిరస్కరణలు ఎంత అడ్డగోలుగా జరిగాయో ముందుకు రావడంతో 28న అదే కోర్టు ఆ ఉత్తర్వును నిలిపేసింది.

పట్టా భూమి అమ్మొచ్చా?

కుదరదు. వారసులకే వస్తుంది. పెళ్లయినవాళ్లకు భార్యాభర్తలిద్దరి పేరునా రాయాలి.

తునికాకు, తేనె, అడ్డాకులు?

వంశపారంపర్యంగా ఏరుకుంటున్నవైతే మీవే. ఏరుకోవచ్చు, వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు. అడవిలోని వెదురు కూడా ఇందులోకే వస్తుంది. కలప రాదు, వేట అసలే రాదు.

మా పెంట (చెంచు గూడెం) పులుల అభయారణ్యంలో ఉంది. లేచిపోవాల్సిందేనా?

నల్లమల చెంచులు ఈ ప్రశ్న తరచూ అడుగుతారు. అభయారణ్యమైనా, నేషనల్ పార్కైనా ఈ హక్కులు వర్తిస్తాయి. పంపాలంటే ముందు మీ హక్కులు తేల్చాలి. మనుషులూ పులులూ కలిసి ఉండటానికి వేరే దారి లేదని తేల్చాలి. గ్రామసభ ఇష్టపూర్వకంగా రాసివ్వాలి. కొత్త చోట భూమి, వసతులు సిద్ధమయ్యాకే కదలాలి. అలా ఖాళీ చేసిన చోటును తర్వాత ఇంకో పనికి మళ్లించకూడదన్న షరతు కూడా ఉంది. పులి పేరు చెప్పి ఇంకెవరికో ఇవ్వడానికి వీల్లేదన్నమాట.

అడవిపందులు చేనంతా తవ్వేస్తున్నాయి. కరెంటు తీగ పెడితే?

పంది చస్తే 1972 వన్యప్రాణి చట్టం కింద అది వేటే. మనిషి చస్తే ఇంకా పెద్ద కేసు. పంట నష్టానికి అటవీశాఖకు దరఖాస్తు పెట్టండి. పరిహారం ఆలస్యమవుతుంది, చాలదు కూడా. అయినా తీగ జోలికి పోవద్దు.

గనికో, ప్రాజెక్టుకో మా అడవి కావాలంటే?

ఒడిశా నియమగిరిలో బాక్సైట్ గని ప్రతిపాదనపై గ్రామసభలనే అడగమని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. పన్నెండు పల్లెలు కూర్చున్నాయి, పన్నెండూ వద్దన్నాయి. మరుసటి ఏడు కేంద్రం అనుమతి నిరాకరించింది. కానీ 2022లో అటవీ సంరక్షణ నిబంధనలు మారాయి. హక్కుల సంగతి తేలకముందే కేంద్రం తుది అనుమతి ఇచ్చేసి, ఆ భారాన్ని రాష్ట్రాల మీదికి నెట్టే వీలు కలిగింది. కాబట్టి మీ గ్రామసభ తీర్మానం ఇప్పుడు ఇంకా పకడ్బందీగా ఉండాలి. చర్చ మీ భాషలో జరగాలి. రాసింది చదివి వినిపించమని అడగండి. హాజరు కోసమంటూ ఖాళీ పేజీ ముందు పెడితే వేలిముద్ర వేయకండి.