విద్యుచ్ఛక్తితో నడచు సరకుబండి – నిమ్మరైతు లెక్క



గూడూరు నిమ్మకాయల మార్కెట్టు మన గ్రామములకు జీవనాధారము. కోసిన కాయ నిలువయుండదు. వేళకు మార్కెట్టు చేరనిచో ధర తగ్గును గాని బండి బాడుగ తగ్గదు. కావున డీజిలు లేకుండ విద్యుచ్ఛక్తితో నడచు సరకుబండి మన సంఘమునకు పనికివచ్చునేమో యని స్వయముగా చూచి వచ్చితిని. చూచినదానిని, లెక్కించినదానిని సభ్యులకు నివేదించుచున్నాను.

2005వ సంవత్సరమున వచ్చిన టాటా ఏస్ బండిని మనలో నెరుగనివారు లేరు. దాని విద్యుత్ రూపము 2022 మే నెలలో ప్రకటింపబడినది. నేను చూచినది దానినే. వెలుపలి యాకారము పరిచితమైనదే. కాని యింజను లేదు, పొగగొట్టము లేదు, క్లచ్చు లేదు. బ్యాటరీ పెట్టె చట్రమునకు బిగింపబడియున్నది. నాతో వచ్చిన డ్రైవరు చిరకాలపు టలవాటుచేత ఎడమకాలితో క్లచ్చును వెదకి, లేదని తెలిసి నవ్వెను. బండి కదలినది గాని చప్పుడు వినబడలేదు. దారిలో పండుకొనియున్న కుక్క మేము మిక్కిలి సమీపించువరకు లేవలేదు. ఈ నిశ్శబ్దము తోలువానికి సుఖమే గాని, గ్రామ వీధులలో పిల్లలకును పశువులకును ప్రమాదకరము కావచ్చును. నెమ్మదిగా తోలుట, హారను మ్రోగించుట తప్పనిసరి.

ఇక లెక్క. ఈ బండి బ్యాటరీలో 21.3 యూనిట్ల విద్యుచ్ఛక్తి పట్టును. మన యింటి మీటరు కొలుచు యూనిట్టే యిది. ఎక్కించునపుడు కొంత నష్టమగును గనుక 24 యూనిట్లు ఖర్చగునని యెంచుదము. యూనిట్టు 7 రూపాయలైనచో 168 రూపాయలు. ఒకమారు నింపిన 154 కిలోమీటర్లు నడచునని పరీక్షలో తేల్చిరి. కాని పరీక్ష వేరు, బరువుతో గతుకుల దారిని పోవుట వేరు. మనము 100 కిలోమీటర్లనే నమ్ముదము. అదే దూరమునకు, లీటరునకు 16 కిలోమీటర్లు నడచు డీజిలు బండికి, లీటరు 97 రూపాయల చొప్పున, 600 రూపాయలు దాటును. అనగా దినమునకు సుమారు 430 రూపాయలు మిగులును.

ఇది విని తొందరపడరాదు. విద్యుత్ బండి వెల హెచ్చు. ఆ హెచ్చు 3 లక్షలనుకొన్నచో, అది తీరుటకు బండి 700 దినములు, దినమునకు 100 కిలోమీటర్ల చొప్పున నడువవలయును. తన తోటకాయనే తోలుకొను రైతు సంవత్సరమునకు 40 దినములు నడిపినచో పదునేడు సంవత్సరములు పట్టును. అదే బండిని సంఘము పలువురి కాయలకై 250 దినములు నడిపినచో మూడు సంవత్సరములలోపుననే తీరును. ఇందు వడ్డీ చేరలేదు. బ్యాటరీ సంవత్సరము సంవత్సరమునకు కొంత బలము తగ్గుననియు మరువరాదు. ఒంటరి రైతునకు భారమైనది సంఘమునకు లాభము కాగలదనుటకు ఇంతకన్న స్పష్టమైన యుదాహరణము నాకు తోచదు.

దూరమునుగూర్చి యొక మాట. తోట గూడూరునకు 20 కిలోమీటర్ల దూరమున నున్నచో రెండు విడతలు పోయి వచ్చుటకు 80 కిలోమీటర్లగును. ఇది సాధ్యమే. చెన్నపట్టణమునకు కాయ తోలుటకు మాత్రము దీనిని నమ్మరాదు. దారిలో ఎక్కించు చోటు, అందుకు పట్టు కాలము ముందుగా చూచుకొనవలయును. మామూలు 15 ఆంపియర్ల ప్లగ్గునుండి నింపుటకు ఆరేడు గంటలు పట్టును గనుక రాత్రివేళ అనుకూలము. వ్యవసాయపు పంపుసెట్ల కిచ్చు ఉచిత విద్యుత్తును దీనికి వాడరాదు. వేరు మీటరు పెట్టించుకొనవలయును. బండిని నీడపట్టున నిలుపుట మేలు.

కొనుటకు ముందు బ్యాటరీ హామీ ఎన్ని సంవత్సరములో కాగితముపై వ్రాయించుకొనుడు. నిండు బరువుతో మన దారినే ఒక దినము నడిపి చూపుమని యడుగుడు. అంతకు ముందు ప్రతి సభ్యుడును ఒక నెల దినములు తన తోట దూరము, తోలిన బస్తాలు, చెల్లించిన బాడుగ ఒక పుస్తకమున వ్రాసి సంఘ కార్యాలయమున కందజేయవలెనని కోరుచున్నాను. ఆ యంకెలన్నియు కూడినపుడు దినమునకు 100 కిలోమీటర్ల పని యున్నదని తేలినచో బండి కొనుట యుక్తము. తేలనిచో, బాడుగ బండితోనే మరికొంత కాలము గడపుట సంఘ ధనమునకు క్షేమము.