శనివారం నాడు వాళ్లింటికి

విజయవాడ

చి. మేనకోడలికి,

తెలుగు యూదుల మీద వ్యాసం రాయడానికి కొత్తరెడ్డిపాలెం వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. “మీరు అసలు యూదులేనా?” అన్న ప్రశ్న మాత్రం అక్కడ వెయ్యకు. వినీ వినీ వాళ్లకి విసుగొచ్చి ఉంటుంది.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరున్న ఆ ఊళ్లో, బెనె ఎఫ్రాయిమ్ అని పిలుచుకునే ఈ తెలుగు యూదుల సినగాగ్ (ప్రార్థనాలయం) 1991లో వెలిసింది. ముందుండి నడిపించింది యాకోబి సోదరులు, షమూయేల్, సాదోక్. ఈ సమాజంవాళ్లు కులం చూస్తే మాదిగలు. అంతకుముందు బాప్టిస్టు క్రైస్తవులు. తప్పిపోయిన ఇజ్రాయెల్ తెగల్లో ఎఫ్రాయిము సంతతి తామేనని వాళ్ల నమ్మకం. తామూ అలాంటి తెగవాళ్లమేననే మణిపూర్, మిజోరంలలోని బ్నెయ్ మెనాషే సమాజాన్ని ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ 2005లో ఆ సంతతిగా గుర్తించారు. బెనె ఎఫ్రాయిమ్ వాళ్లకి ఆ గుర్తింపు దక్కలేదు. పరిశోధకులు యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ 2013లో వీళ్ల మీద ఒక పుస్తకమే వేశారు. చదివి వెళ్లు.

అక్కడ చూడాల్సింది ధర్మశాస్త్రం రోజువారీ బతుకులో ఎలా ఇముడుతుందో. పొలుసు, రెక్క రెండూ ఉన్న చేపే తినాలంటుంది తోరా, అంటే ఆ ధర్మశాస్త్రం. బొచ్చె, శీలావతి సరే. వాలుగ, జెల్ల పనికిరావు. రొయ్య, పీత అసలే కూడదు. కోస్తాలో ఉంటూ ఈ నియమం పాటించడమంటే మాటలా! మాంసం, పాలు కలిపి వండకూడదు కాబట్టి పెరుగులో నానబెట్టిన మాంసంతో బిర్యానీ కూడా కుదరదు.

అన్నిటికన్నా ఖరీదైన నియమం సబ్బాతు. శుక్రవారం పొద్దుగూకింది మొదలు శనివారం చీకటిపడి చుక్కలు కనబడేదాకా పని చెయ్యకూడదు, పొయ్యి వెలిగించకూడదు, రాయకూడదు. నాట్ల రోజుల్లో రైతు కూలీలని పిలిచేటప్పుడు శనివారమా, ఆదివారమా అని చూడడు. మానేస్తే ఆ రోజు కూలి పోయినట్టే. ప్రపంచంలో ఎక్కడో ఆఫీసుకి సెలవు పెట్టి సబ్బాతు పాటించేవాడి నిష్ఠకీ ఈ నిష్ఠకీ పోలిక లేదు. ఇబ్బంది పడి ఎవరైనా శనివారం పొలానికి వెళ్తే తప్పుపట్టే హక్కు నీకు లేదు. ఎవరి ప్రాణం మీదికైనా వస్తే సబ్బాతుని పక్కన పెట్టమని ఆ ధర్మశాస్త్రమే చెబుతుంది; అది గుడ్డి చట్టమేమీ కాదు.

శుక్రవారం సబ్బాతు దీపాలు వెలిగించకముందే ఊరు చేరు. ఫోను ఆపేసి సంచిలో పెట్టు, ఫొటోలు అడగకు, వాళ్ల ముందు నోటుపుస్తకం తియ్యకు. రాసుకోవడానికి ఆదివారం ఉంది.