వలీమా సున్నతే, అప్పు కాదు

 

నికాహ్‌కు కావలసినవి కొద్దే: వధూవరుల అంగీకారం, వలీ, ఇద్దరు సాక్షులు, మహర్. మహర్ వధువు హక్కని అన్నిసా సూరా 4వ ఆయతు చెబుతోంది. వధువు ఇంటివారిని జోడా డబ్బు అడగడం 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారమూ నేరమే.

విందు తప్పు కాదు. ఒక్క గొర్రెతోనైనా వలీమా ఇవ్వమని అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కు ప్రవక్త (స) చెప్పారు. హజ్రత్ సఫియ్యా (రజి)తో తమ వివాహానికి ఆయన పెట్టిన విందు ఖర్జూరాలు, ఎండు పెరుగు, నెయ్యి. స్తోమతను మించడమే తప్పు.

మన పెనుగొలను, తిరువూరు వైపు మిర్చి కోతకు, పత్తి తీతకు వెళ్లే తల్లిదండ్రులను తలచుకుందాం. ఫంక్షన్ హాలుకు, బిర్యానీకి, జహేజ్‌కు 2 లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే, ఏడాదికి వడ్డీయే 48,000. విందు ఒక్క పూటలో ముగుస్తుంది. హరామైన వడ్డీ మాత్రం ఏళ్ల తరబడి ఆ ఇంట్లోనే ఉంటుంది. పెళ్లికూతురి చెల్లెలి చదువు ఆగిపోయేది అక్కడే.

పేదింటి పెళ్లికి సాయం చేసేది మనమే. ఆ పెళ్లి ఎంత ఘనంగా జరగాలో కొలత పెట్టేదీ మన ఇంటి పెళ్లే. ఒక చేత్తో ఇచ్చి, రెండో చేత్తో ఖర్చు పెంచుతున్నాం. ధనికులను పిలిచి పేదలను వదిలేసిన వలీమా భోజనం చెడ్డదని హదీసు హెచ్చరిస్తోంది.

కాబట్టి మార్పు మన ఇళ్లలోనే మొదలవ్వాలి. మసీదులో నికాహ్, ఒకే వంటకంతో వలీమా, పేదలకు ముందు పిలుపు, మిగిలిన సొమ్ము ఒక ఆడపిల్ల ఫీజుకు. అల్లాహ్ మనకు ఈ సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.