ముసలి కుక్క తూలిపడినప్పుడు – గృహ పరిచర్య

పది పన్నెండేండ్లు ఇంటిని కాచిన కుక్క రాత్రి చక్కగా తిని పండుకొనును. తెల్లవారి లేవబోయి ఒక ప్రక్కకు కూలిపోవును. తల ఒక వైపునకు వాలిపోయి, కనుగ్రుడ్లు ఆగక అటునిటు కదలుచుండును. నోటివెంట చొంగ కారును. వాంతి కావచ్చును. ఇది చూచిన గృహస్థులు పక్షవాతము వచ్చినదనియు, ఇక బ్రతుకదనియు తలంచి, ఆ దినముననే సూదిమందుతో దాని బాధ ముగింపజూచుట కలదు. అట్టి నిర్ణయమునకు ముందు ఈ వ్యాధిని గూర్చి కొంత తెలిసికొనుట అవసరము.

వ్యాధి స్వరూపము

లోచెవియందు శరీరపు సమతూకమును కనిపెట్టు అవయవమొకటి కలదు. తల ఏ వైపునకు వంగినదియు, దేహము కదలుచున్నదియు లేనిదియు అచ్చటినుండి నాడి ద్వారా మెదడునకు తెలియును. ఒక వైపు అవయవము హఠాత్తుగా మందగించినచో రెండు చెవుల సమాచారము పొసగదు. నిలిచిన నేల గిరగిర తిరుగుచున్నట్లు జంతువునకు తోచును. దీనినే పశువైద్యులు వెస్టిబ్యులార్ వ్యాధి అందురు. ముసలి కుక్కలలో పెక్కుసార్లు దీనికి కారణము కనబడదు. చెవిలో చీము, థైరాయిడ్ లోపము, జెంటామైసిన్ వంటి కొన్ని మందులు, మెదడులోని గడ్డలు కూడ కారణములు కావచ్చును.

వార్ధక్యమున వాతము ప్రబలమగునని ఆయుర్వేదము చెప్పుచున్నది. చరకసంహిత పేర్కొనిన 80 వాతవికారములలో భ్రమము ఒకటి. అయినను మనుష్యుల ఔషధమును కుక్కకు వాడుట శాస్త్రసమ్మతము కాదు. గుర్రములకు శాలిహోత్రుని పేరిటను, ఏనుగులకు పాలకాప్యుని పేరిటను వేరువేరు వైద్యగ్రంథములు మనకు కలవు. జాతినిబట్టి చికిత్స మారునని పూర్వులు ఎరిగియుండిరి.

ఊరట కలిగించు గుర్తులు, ప్రమాద చిహ్నములు

లోచెవికి సంబంధించిన వ్యాధియైనచో కుక్కకు స్పృహ ఉండును. పేరు పెట్టి పిలిచిన గుర్తించును. కాళ్ళలో బలముండును, కాని నిలకడ ఉండదు. కనుగ్రుడ్లు అడ్డముగనో, వలయముగనో కదలును. ఇట్టి కుక్క సాధారణముగా 72 గంటలలో కుదుటపడనారంభించును. మొదట కనుగ్రుడ్ల కదలిక తగ్గును. పిమ్మట నడక వచ్చును. రెండు మూడు వారములలో చాలవరకు కోలుకొనును. తల వాలు మాత్రము కొన్నింటికి జీవితాంతము మిగిలిపోవును. దానివలన తిండికి, తిరుగుటకు ఆటంకముండదు.

కనుగ్రుడ్లు పైకి క్రిందికి కదలుట, కాళ్ళలో బలము లేకపోవుట, పిలిచినను పలుకని మగత, మూర్ఛలు మెదడు వ్యాధిని సూచించును. ఇట్టివి కనబడినచో ఆలస్యము చేయరాదు. ఏవియు లేకున్నను మొదటి దినముననే పశువైద్యునికి చూపవలెను. చెవి పరీక్ష, వాంతిని అరికట్టు మందు, అవసరమైనచో సెలైను ఆయన ఇచ్చునవి.

మరియొక హెచ్చరిక: రేబిస్ టీకా వేయించని కుక్కయో, ఇటీవల వీధికుక్క కరచినదో అయి, తూలుచు చొంగ కార్చుచున్నచో దాని నోటిలో చేయి పెట్టరాదు. వేరుగా ఉంచి వెంటనే పశువైద్యుని పిలువవలెను.

గృహ పరిచర్య

1. నున్నని గచ్చుపై కాలు జారును. గోనెపట్టాయో జంపఖానాయో పరచి, ఇరుప్రక్కల దిండ్లు పెట్టి, పొట్టమీద ఆనుకొని ఉండునట్లు పండబెట్టవలెను. మెట్లకు అడ్డు పెట్టవలెను.

2. రాత్రి చిన్న దీపము వెలుగుచుండవలెను. చెవి తప్పు చెప్పునపుడు కన్ను నేలను గుర్తించుటకు తోడ్పడును.

3. ఎత్తుకొని త్రిప్పినచో తల తిరుగుట హెచ్చును. పొట్ట క్రిందుగా తువ్వాలు వేసి రెండు కొనలు పట్టుకొని, మెల్లగా నడిపించి మలమూత్రములకు తీసికొని పోవలెను.

4. వాంతి తగ్గిన పిమ్మట మెత్తని అన్నమును, ఉప్పు కారములు లేక ఉడికించిన కోడిమాంసముతో కలిపి, కొంచెము కొంచెముగా చేతితో తినిపించవలెను. తల నిటారుగా ఉన్నపుడే తినిపించవలెను. నీరు బలవంతముగా నోట పోసినచో ఊపిరితిత్తులలోనికి పోవును. బరువైన వెడల్పు గిన్నెలో నీరుపోసి మూతి దగ్గర పెట్టవలెను. ఒక దినమంతయు నీరు త్రాగనిచో వైద్యునికి తెలుపవలెను.

5. పడకలోనే మూత్రము పోసినచో గోరువెచ్చని నీటితో తుడిచి, పొడిగా ఆరబెట్టవలెను. లేవలేని కుక్కకు కొన్ని గంటలకొకసారి ప్రక్క మార్చినచో పడకపుండ్లు పడవు.

చేయరానివి

చెవిలో నూనె, పసరు పోయరాదు. కర్ణభేరి చిల్లిపడియున్నచో అది లోనికి దిగి మరింత హాని చేయును. వెల్లుల్లి, ఉల్లి కుక్క రక్తములోని ఎర్రకణములను నశింపజేయును. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండములను చెరచును. మనము వాడు పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ మాత్రలు ప్రాణాపాయకరములు. మన తలతిరుగుడు మాత్రలను సైతము పశువైద్యుడు చెప్పక ఈయరాదు.

ప్రాణమును గూర్చిన నిర్ణయము

తినుట, త్రాగుట, నిలుచుట, కనుగ్రుడ్ల కదలిక – ఈ నాలుగింటిని ప్రతిదినము ఉదయము, సాయంత్రము ఒక కాగితముపై వ్రాసియుంచవలెను. ప్రమాద చిహ్నములు లేక, మూడవ దినమునకు ఏ కొంచెము మేలు కనబడినను ఓపిక పట్టుట యుక్తము. మేలు కనబడక క్షీణించుచున్నచో, ఆ కాగితమును వైద్యుని ముందుంచి, ఆయనతో ఆలోచించి నిర్ణయించుకొనవచ్చును. కోలుకొనిన పిమ్మట వ్యాధి తిరుగబెట్టుట కలదు. అప్పుడును వైద్యునికి చూపి, ఈ పరిచర్యనే మరల మొదలుపెట్టవలెను.