యుద్ధవార్తలు – వ్యాఖ్యాత విశ్వసనీయత

మన పామర్రు కూడలిలో విజయవాడ, గుడివాడ, మచిలీపట్నము బస్సులకై నిలిచియున్నవారి చేతులలో నేడు సెల్‌ఫోనులు కలవు. సరిహద్దున తుపాకి మ్రోగిన గడియలోనే వానియందు యుద్ధవ్యాఖ్యాత ప్రత్యక్షమై, హతులెందఱో, కూలిన విమానములెన్నియో చెప్పుచుండును. ఆతని మాట నెంతవఱకు నమ్మవచ్చును? కుమారుని సైన్యమునకు పంపిన తల్లికి ఇది ప్రాణసంకటమైన ప్రశ్న. కావున మేమీ విషయమును విద్యార్థుల యెదుట నుంచుచున్నాము.

2020 జూన్ 15వ తేది రాత్రి తూర్పు లడఖ్‌నందలి గాల్వాన్ లోయలో మన సైనికులకును చైనా సైనికులకును సంఘర్షణ జరిగెను. సూర్యాపేట వాస్తవ్యుడును, కోరుకొండ సైనిక పాఠశాల పూర్వవిద్యార్థియు, 16వ బీహార్ పటాలమునకు అధిపతియునగు కర్నల్ బిక్కుమళ్ళ సంతోష్ బాబు అందు వీరమరణము నొందెను. మఱునాడు సైన్యము మొదట 3గురు మరణించిరని తెలిపి, ఆ రాత్రియే 20 మంది యని ప్రకటించెను. తీవ్రముగ గాయపడిన 17గురు గడ్డకట్టు చలిలో ప్రాణములు విడిచిరని వివరించెను. మొదటి లెక్క యసత్యము కాదు, అసంపూర్ణము. ఈ రెంటికిని గల భేదము నెఱుగుటయే యీ పాఠమునకు మొదటి మెట్టు.

చైనా పక్షమున హతులెందఱు? వ్యాఖ్యాతలు కొందఱు 40కి మించిరని నిశ్చయముగ పలికిరి. చైనా 8 మాసములు సంఖ్య చెప్పక, 2021 ఫిబ్రవరిలో 4గురనెను. ఏది ప్రకటన, ఏది పరిశీలితము, ఏది యూహ యని విడదీసి చెప్పువాడే యిట్టిచోట నమ్మదగినవాడు.

సైన్యమున పనిచేసినవాడే యుద్ధమును గూర్చి వ్రాయదగునా యని కొందఱడుగుదురు. ఇంగ్లండునందలి ఎలియట్ హిగ్గిన్స్ సైనికుడు కాడు. అరబ్బీ భాష యెఱుగడు. అయినను 2012లో ఇంట కూర్చుండియే, సిరియా యుద్ధపు దృశ్యములలో కానవచ్చు ఆయుధములను గుర్తించి వ్రాయ నారంభించెను. 2014 జూలై 17న ఉక్రెయిన్‌లో మలేషియా విమానము కూలి 298 మంది మరణించిరి. ఆతడు స్థాపించిన బెల్లింగ్‌క్యాట్ సంస్థ, క్షిపణివాహనము రష్యా 53వ దళమునకు చెందినదని ఛాయాచిత్రములను పోల్చి చూపెను. రష్యా కాదన్నను, 2018లో అంతర్జాతీయ పరిశోధకసంఘమును ఆ నిర్ణయమునకే వచ్చెను. ఏ చిత్రము నెచ్చట చూచెనో, ఏ గుర్తును బట్టి స్థలము నెఱిగెనో చెప్పి, పాఠకుడే సరిచూచుకొనునట్లు వ్రాయుట వలన ఆతనికి విలువ కలిగెను.

ఇందుకు విరుద్ధముగ, ఆర్మా 3 యను కంప్యూటరు ఆటలోని దృశ్యములను నిజమైన యుద్ధమని పలువురు ప్రచారము చేసిరి. ఆ యాటను నిర్మించిన చెక్ దేశపు సంస్థయే 2022లో ప్రజలను హెచ్చరింపవలసి వచ్చెను.

కావున విద్యార్థులారా, వ్యాఖ్యాత మాట వినునపుడు ఈ నాలుగు ప్రశ్నలు వేసికొనుడు.

1. ఇతడు చూచెనా, వినెనా, ఊహించెనా?
2. ఆధారమును మనకు చూపుచున్నాడా?
3. తెలియనిదానిని తెలియదని యొప్పుకొనుచున్నాడా?
4. నిన్నటి తప్పును నేడు దిద్దుకొనెనా?

ఇంట పెద్దలకును వీనిని వినిపింపుడు. మనము తొందరపడి పంపిన యొక్క తప్పుడు సంఖ్య ఏ గ్రామముననో యొక తల్లికి నిద్ర లేకుండ చేయగలదు. సరిచూడని వార్తను మన చేతిలోనే నిలుపుటయు దేశమునకు మనము చేయదగిన సేవయే.